రైతు అంటే పట్టా ఉన్నవాడేనా?

సందేహం: మాస్టారూ, మా బాబాయి పొలం వేరేవాళ్ళు కౌలుకి చేస్తున్నారు. బాబాయి సిటీలో జాబ్ చేస్తాడు, అయినా పాస్‌బుక్ తన పేరు మీద ఉంది కాబట్టి రైతు తనేనంటాడు, చేసేవాడు కౌలుదారే తప్ప రైతు కాదట. భాష ప్రకారం ఎవరు రైతు?

సమాధానం: చేసేవాడే రైతండీ. మీ బాబాయిగారు పట్టాదారు, భూయజమాని, అంతవరకే.

రైతు అనే మాట అరబ్బీ రయ్యత్ నుంచి వచ్చింది, పాలనలో ఉన్న జనం అని అర్థం, అందులో భూమి సొంతదారు అన్న భావమే లేదు. మెలిక పడింది రైత్వారీ దగ్గర. మద్రాస్ ప్రెసిడెన్సీలో బ్రిటిష్ అధికారి థామస్ మన్రో కాలంలో మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే పద్ధతి పెట్టారు, శిస్తు కట్టేవాడి పేరునే పట్టా, అలా రికార్డుల్లో రైతూ పట్టాదారూ ఒకటైపోయారు, ఆ తర్వాత ఆయన పొలం కౌలుకిచ్చేసి ఊరొదిలి వెళ్ళిపోయినా పట్టాలో పేరు అలాగే ఉంటుంది కదా.

ఊళ్ళో జనం మాత్రం ఈ రెండూ ఎప్పుడూ కలపలేదు. "ఈ పొలం ఎవరిది?" అని అడిగితే ఒక పేరు చెప్తారు, "ఎవరు చేస్తున్నారు?" అంటే ఇంకో పేరు. "నాలుగెకరాలు చేస్తున్నా" అన్నాయన్ని "సొంతమా, కౌలా?" అని మళ్ళీ అడగాల్సిందే. అంటే రైతు అనేది పనిని చెప్పే మాట, పట్టాదారు, కౌలుదారు అనేవి భూమితో ఉన్న సంబంధాన్ని చెప్పేవి. కౌలుదారుకి జోడీ పట్టాదారు, రైతు కాదు. కాబట్టి కౌలు రైతు అనడం నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

కౌలు కూడా అరబ్బీయే, ఇచ్చిన మాట అని అర్థం. ఇప్పటికీ చాలాచోట్ల కౌలు నోటిమాట మీదే నడుస్తుంది, చేతిలో కాగితం ఉండదు, అందుకే బ్యాంకు లోనుకి వెళ్తే కౌలు రైతు ఉత్తచేతులతో వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇది ఒట్టి మాటల గొడవ కాదండీ. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000 చొప్పున పట్టాదారులకే వేశారు, కౌలు రైతుకి రాలేదు, ఆ మరుసటేడు మొదలైన పీఎం కిసాన్‌లో ఏడాదికిచ్చే 6,000 కూడా భూమి పేరున ఉన్నవాళ్ళకే. మరి 2007 నాటి జాతీయ రైతు విధానం చూస్తే రైతు అనే మాటలో కౌలుదారుల్నీ పాలుకి చేసేవాళ్ళనీ వ్యవసాయ కూలీల్నీ కూడా కలిపింది! పేపర్లో రాసేవాళ్ళకి నా మనవి ఒకటే, పట్టా చూసి ఇచ్చే డబ్బుని "రైతులకు సాయం" అనొద్దు, "పట్టాదారులకు సాయం" అని రాయండి.

ఇంకోటి, రైతు అనే మాటకి ఆడా మగా తేడా లేదు. నాట్లూ కలుపులూ కోతలూ అన్నీ చేసే ఆవిడని "రైతు భార్య" అని ఎందుకు రాస్తారో, ఆవిడా రైతే.

మీది ఆంధ్రా అయితే 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పేరులో కౌలు అనకుండా సాగుదారు అన్నారు చూడండి, 11 నెలల ఒప్పందం, దానికి యజమాని సంతకం కావాలి. మీ బాబాయిగారు పెట్టారో లేదో ఓసారి కనుక్కోండి.