ఒకే రోజు క్రౌనా, ల్యాబ్ క్రౌనా: మీ రెండు పళ్లకు వేర్వేరు జవాబులు

రూట్ కెనాల్ పూర్తయిన కింది దవడ పన్నుకూ, సగానికి విరిగిన పై ముందు పన్నుకూ అదే రోజు క్రౌన్ (పంటి మీద అమర్చే తొడుగు) పెట్టించుకోవాలా, ల్యాబ్‌లో చేయించిన దాని కోసం ఆగాలా అని అడిగారు. ఆ రెండింటికీ ఒకే జవాబు సరిపోదని నా అభిప్రాయం.

దవడ పన్నుకు ఒకే రోజు పద్ధతి నిక్షేపంగా పనికొస్తుంది. అరగదీసిన పన్నును చిన్న కెమెరాతో స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఆకారం తీర్చి, పింగాణీ దిమ్మెను యంత్రంతో అక్కడికక్కడే మలుస్తారు. అది లిథియం డైసిలికేట్ అనే రకం పింగాణీ అయితే, సాధారణంగా మొదట ఊదా రంగులో ఉండి, సుమారు 840 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిన తరువాతే పంటి రంగూ పూర్తి గట్టిదనమూ సంతరించుకుంటుంది. ల్యాబ్ క్రౌన్ వచ్చేదాకా పెట్టే తాత్కాలిక క్రౌన్ ఊడిపోవడం, దాని సందుల్లోంచి లాలాజలం లోపలికి దిగడం అనే బెడద ఉండదు కనుక, రూట్ కెనాల్ చేసిన పంటికి ఇది చిన్న లాభం కాదు. అయితే విరుపు చిగురు కిందికి పోయి రక్తం ఊరుతూ ఉంటే మాత్రం తొందరపడకండి, ఎందుకంటే కెమెరా తనకు కనిపించిన అంచునే కొలవగలదు.

ముందు పన్ను సంగతి వేరు. పక్క పన్ను కొసన కనిపించే పారదర్శకతనూ, చిగురు దగ్గరి పసుపు ఛాయనూ పొరలు పొరలుగా పింగాణీ వేసి తెచ్చేది ల్యాబ్ నిపుణుల చెయ్యే. ఒకటి రెండు వారాలు తాత్కాలిక క్రౌన్‌తో నెట్టుకురావలసి వచ్చినా, పొడవు, ఉచ్చారణ ముందే సరిచూసుకునే వీలుంటుంది. (అసలు దానికి క్రౌనే కావాలా, కాంపోజిట్‌తో (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతో) సరిపోతుందా అన్నదీ అడగండి.)

నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే డాక్టరుగారికి ముందే చెప్పండి. అప్పుడు దవడ పంటికి జిర్కోనియా అనే మరింత దృఢమైన పింగాణీని కూడా పరిశీలిస్తారు.