రోప్‌వే దిగి, పడవ ఎక్కే ముందు

ఒంగోలు

చి.ల.సౌ. చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేనూ మీ పెదనాన్నా క్షేమంగా ఉన్నాము. మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గుముఖం పట్టాయని నీవు ఫోనులో చెప్పినప్పుడు మనసు కుదుటపడింది. శ్రీశైలంలో దర్శనం చేసుకొని, మర్నాడు ఉదయం రోప్‌వేలో కొండ కింది కృష్ణ రేవు పాతాళగంగకు దిగి, అక్కడి నుంచి పడవలో అక్కమహాదేవి గుహల దాకా వెళ్ళి రావాలనుకుంటున్నామని, ఏమేం చూసుకోవాలో చెప్పమని అడిగావు. మార్కాపురంలో ఉపాధ్యాయినిగా ఉన్న పదకొండేళ్ళలోనూ, ఆ తరువాతా, పిల్లలను వెంటబెట్టుకొని ఆ రేవుకు చాలాసార్లు దిగినదాన్ని. ఫోనులో చెబితే సగం మాటలు గాలికి పోతాయి. అల్లుడుగారు కూడా చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను.

అందరూ ముందుగా సత్రంలో గది దొరుకుతుందా, దర్శనం టికెట్టు దొరుకుతుందా అని ఆరాటపడతారు. అవీ చూసుకోవలసినవే. అయితే మీరు అనుకుంటున్న ఆ సగం రోజు ప్రయాణం ఎలా సాగుతుందో తేల్చేది మాత్రం జలాశయంలోని నీటిమట్టం. శ్రీశైలం జలాశయం పూర్తిగా నిండితే మట్టం, సముద్రమట్టం నుంచి లెక్కిస్తే, 885 అడుగులు. రోప్‌వే మనలను దింపే చోటు కొండను అంటిపెట్టుకొని కదలకుండా ఉంటుంది. నీరు మాత్రం ఏడాది పొడవునా పైకీ కిందికీ జరుగుతూనే ఉంటుంది. జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో రోప్‌వే దిగాక పడవ దాకా కొద్ది మెట్లతో సరిపోతుంది. అదే మట్టం 855కు తగ్గిందనుకో, 30 అడుగులు, అంటే మూడంతస్తుల మేడంత ఎత్తు అదనంగా దిగాలి, తిరిగి వచ్చేటప్పుడు నడినెత్తిన ఎండతో ఆ మెట్లన్నీ ఎక్కాలి. రోప్‌వే ఉంది కాబట్టి అత్తగారికి మెట్ల బాధ లేదని నీవు అన్నావు. అందులో సగమే నిజం. రోప్‌వే తప్పించేది కొండ మీది నుంచి దిగే 500 పైచిలుకు మెట్లను మాత్రమే. నీరు వెనక్కి పోయినప్పుడు బయటపడే మెట్లు వేరు. అవి నెలల తరబడి నీటిలో నానినవి. పైన ఎండి తెల్లబారినట్లు కనిపిస్తాయి. కాలు పెట్టినప్పుడు గట్టిగానే ఉంటాయి. బరువు మోపేసరికి పైపెచ్చు కింది ఒండ్రు మెత్తగా కదిలి మడమ పక్కకు జారుతుంది. మా చెల్లెలు, అంటే మీ అమ్మే, ఒకసారి అలా జారి, నా చెయ్యి దొరకబట్టి బయటపడ్డది. ఆ రోజు దాని కాళ్ళకు ఉన్నవి నున్నగా అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

కాబట్టి బయలుదేరడానికి వారం ముందు నుంచి పేపర్లో శ్రీశైలం నీటిమట్టం రోజూ చూస్తూ ఉండు. 870 దాటి ఉంటే అత్తగారిని నెమ్మదిగా పడవ దాకా తీసుకురావచ్చునని నా అంచనా. అంతకంటే తక్కువగా ఉంటే ఆమెను రోప్‌వేలో కిందికి తీసుకువచ్చి, కాసేపు కూర్చోబెట్టి నదిని కళ్ళారా చూడనిచ్చి, అల్లుడుగారిని తోడిచ్చి మళ్ళీ రోప్‌వేలోనే పైకి పంపించు. నీవు పిల్లలతో పడవ ఎక్కు. ఆమె నొచ్చుకుంటారేమో అన్న మొహమాటంతో ఈ మాటను రేవు దాకా దాచుకొని రావద్దు; నెల్లూరులో ఇంటి దగ్గరే, తీరిగ్గా ఉన్నప్పుడు చెబితే ఆమే ఒప్పుకుంటారు.

ఇక ఏ రోజుల్లో వెళ్ళాలన్నది. ఆనకట్టకు ఉన్న 12 గేట్ల నుంచి నీరు దూకడం పిల్లలకు చూపించాలని నీకు ఉన్న కోరిక నాకు తెలుసు. కానీ గేట్లు ఎత్తేది పైనుంచి వరద వచ్చినప్పుడు, ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. అంతటి వరదలో పడవలు ఆపివేస్తారు, ఆపివేయడమే న్యాయం. ఒక్క ప్రయాణంలో రెండూ కుదరాలని పట్టుబడితే ఏదో ఒకదానికి నిరాశ తప్పదు. ఈసారికి పడవే అనుకుంటే కార్తీకమాసం వెళ్ళనిచ్చి, డిసెంబరులో రెండో శనివారం కలిసి వచ్చేలా బయలుదేరండి. వరద నిమ్మళించి, నీరు ఇంకా బాగానే ఉండి, నల్లమల పచ్చగా కనిపించే కాలం అది. కార్తీక సోమవారాలు, శివరాత్రి, కన్నడ భక్తులు వేల సంఖ్యలో వచ్చే ఉగాది రోజులు దర్శనానికి గొప్పవే కాని, పిల్లలతో పడవ ప్రయాణానికి అనువైనవి కావు.

దారి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నెల్లూరు నుంచి పొద్దున్నే బయలుదేరి మా ఇంటికి వచ్చి భోజనం చేయండి. ఇక్కడి నుంచి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం మీదుగా పెద్దదోర్నాల చేరితే అక్కడి నుంచి ఘాటు రోడ్డు. ఆ అడవి పులుల అభయారణ్యం కావడం వల్ల రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా దోర్నాల చెక్‌పోస్టు దగ్గర వాహనాలను వదలరు. మీరు మాత్రం 9 గంటల లెక్క పెట్టుకోక, దీపాలు పెట్టే వేళకే కొండ మీద ఉండేలా చూసుకోండి; పెద్దపాపకు మలుపుల్లో కడుపులో తిప్పుతుంది కదా, దోర్నాలలో పది నిమిషాలు ఆగి గాలి పీల్చుకోనిచ్చి అప్పుడు ఎక్కండి.

కొండ మీదకు చేరిన సాయంత్రమే చేయవలసిన పని ఒకటి ఉంది. పర్యాటక శాఖ వారి దగ్గరకు వెళ్ళి, రేపు గుహలకు పడవ ఉందా, ఎన్ని గంటలకు, రోప్‌వే ఎప్పుడు మొదలవుతుంది, సాయంత్రం చివరిసారి పైకి ఎప్పుడు వస్తుంది అని నాలుగు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాసుకోండి. ఆనకట్ట వైపు తిప్పి తీసుకువచ్చే చిన్న విహారం వేరు, అక్కమహాదేవి గుహలకు వెళ్ళే పెద్ద ప్రయాణం వేరు. గుహల ప్రయాణానికి సగం రోజు పడుతుంది, తగినంత మంది ప్రయాణికులు కూడితేనే పడవ కదులుతుంది. ఇది తెలియక, పొద్దున్నే రేవులో దిగి మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, చివరకు ఏమీ చూడకుండా వెనుదిరిగిన కుటుంబాలను నేను చూశాను. గుహల పడవ లేదంటే చిన్న విహారంతో తృప్తి పడండి, అదీ చక్కనిదే.

రోప్‌వే ప్రయాణం కొద్ది నిమిషాలదే. పెట్టె బయలుదేరిన క్షణంలో కాళ్ళ కింది నుంచి నేల జారినట్లుంటుంది, గాలి వీస్తే కాస్త ఊగుతుంది. తీగ మీద వేలాడేదానికి ఊగడం సహజమని పిల్లలకు ముందే చెప్పి పెట్టు. తెలిసిన ఊపుకు పిల్లలు భయపడరు. చిన్నవాణ్ణి మీ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకో. అత్తగారి చీర కొంగు, నీ చున్నీ తలుపులో పడకుండా ఒళ్ళోకి లాక్కోండి. ఫోటోల కోసం లేచి నిలబడవద్దు. రెండు కొండల నడుమ లోతుగా, ముదురాకుపచ్చగా కృష్ణ కనబడే ఆ దృశ్యాన్ని ముందు కంటితో చూడండి. రానూ పోనూ టికెట్టు కలిపి తీసుకోండి, పైకి వచ్చే టికెట్టు అల్లుడుగారి జేబులో ఉండాలి. అది కనబడక, చివరి పెట్టె వెళ్ళిపోయి, చీకట్లో మెట్లు ఎక్కడం ఎవరికీ వద్దు.

ఇప్పుడు పడవ సంగతి. చిన్నమ్మాయీ, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. 2017 నవంబరు 12, కార్తీకమాసం, ఆదివారం. మన ఒంగోలు నుంచి విహారానికి బయలుదేరిన వాళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద ఇదే కృష్ణలో పడవ తిరగబడి మునిగిపోయారు. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి; వారిలో ఎక్కువ మంది ఒంగోలు వారు, మీ నెల్లూరు వారు కూడా ఉన్నారు. పొద్దున్నే నడకకు కలిసి వెళ్ళే స్నేహితులు, భార్యాభర్తలు. అనుమతి లేని పడవ, పట్టే వారికంటే ఎక్కువ మంది, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ వారమంతా ఈ ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఇంకో మాట వినిపించలేదు. నేను ఆ తరువాత కూడా పడవ ఎక్కాను, మీరూ ఎక్కాలనే కోరుకుంటున్నాను. నదిని చూసి దూరంగా పారిపోవాలని నేను చెప్పడం లేదు. టికెట్టు ఇచ్చే కౌంటరులో టికెట్టు కొని, ఆ టికెట్టుకు సంబంధించిన పడవే ఎక్కండి. రేవులో ఎవరైనా వచ్చి తక్కువకు తీసుకువెళతామని, చేపలు పట్టే పుట్టిలో తిప్పి తెస్తామని అంటే నమస్కారం పెట్టి పక్కకు రండి. పడవ నిండుగా ఉందని, ఇంకా ఎక్కిస్తున్నారని అనిపిస్తే డబ్బు పోయినా సరే దిగిపోండి. దిగిపోవడానికి సిగ్గుపడవద్దు.

లైఫ్ జాకెట్టు ఇచ్చారు కదా అని తగిలించుకుంటే సరిపోదు. ముందు కట్లన్నీ, బకిల్సన్నీ పెట్టి పట్టీలు బిగించు. తరువాత పిల్లవాడి భుజాల దగ్గర జాకెట్టును రెండు చేతులతో పట్టుకొని పైకి లాగి చూడు. అది చెవుల దాకా లేచివస్తే వదులుగా ఉన్నట్లే. నీళ్ళలో జాకెట్టు పైకి తేలిపోతుంది, పిల్లవాడు అందులో నుంచి కిందికి జారిపోతాడు. పెద్దల జాకెట్టు చిన్నవాడికి వేయనివ్వకు, పిల్లల కొలతది అడిగి తీసుకో. చేతిసంచీ జాకెట్టు పైన అడ్డంగా వేసుకోవద్దు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అన్నట్లు, పడవ రేవు వదిలేదాకా ఒంటి మీద ఉంచుకొని, ఆ తరువాత ఉక్కపోస్తుందని విప్పి కింద దిండులా వేసుకొని కూర్చునే వాళ్ళు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు. మీరు మళ్ళీ రేవులో కాలు పెట్టేదాకా విప్పవద్దు. ఒడ్డున ఏదైనా జంతువు కనబడిందని అందరూ ఒక్కసారిగా ఒక వైపుకు పరుగెత్తితే బరువు ఒరిగి పడవ ఒరుగుతుంది. ఎవరు ఎటు వెళ్ళినా మీరందరూ కూర్చున్న చోటే కూర్చోండి. పడవ నడిపే సరంగు చెప్పే మాట ఆ కొద్ది గంటలూ ఇంటి పెద్ద మాట.

పడవ సాగుతుంటే ఇరువైపులా నల్లమల కొండలు దగ్గరవుతాయి, సెల్‌ఫోను సిగ్నల్ పోతుంది, ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. పిల్లలకు మాటలు చెప్పడానికి అదే సమయం. మన మార్కాపురం, యర్రగొండపాలెం వైపు తాగునీటికి, సాగునీటికి పడే కటకట నేను బడిలో కళ్ళారా చూశాను. పిల్లలు సీసాల్లో ఉప్పునీళ్ళు తెచ్చుకొనేవారు. ఆ మెట్టకు ఇదే జలాశయం నుంచి, కొల్లంవాగు దగ్గర, కొండను తొలిచిన రెండు సొరంగాల గుండా నీరు తీసుకువెళ్ళడానికే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. ఒక్కొక్క సొరంగం పొడవు 18 కిలోమీటర్లకు పైనే. అవి దోర్నాల వైపు తేలతాయి. మీరు వచ్చిన దారీ, ఆ నీటి దారీ ఒకే కొండకు అటూ ఇటూ అని పెద్దపాపకు చెప్పు, అర్థం చేసుకునే వయసే.

గుహల గురించి కూడా కొంచెం తెలిసి వెళితే బాగుంటుంది. అక్కమహాదేవి 12వ శతాబ్దపు శివభక్తురాలు, కన్నడ దేశంలో ఉడుతడిలో పుట్టి, కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు, అల్లమప్రభువు ఉన్న శరణుల, అంటే శివభక్తుల, సభకు చేరి, చివరకు ఒంటరిగా ఈ అడవికి నడిచి వచ్చింది. తన వచనాలన్నిటిలోనూ ఆమె పిలిచేది చెన్నమల్లికార్జునుణ్ణే, అంటే మీరు ముందురోజు దర్శించిన స్వామినే. గుహ ముందు ప్రకృతి తనంతట తాను నిలిపిన రాతి తోరణం ఉంటుంది. దాని కింద నిలబడి ఒక్కసారి పైకి చూడండి. లోపల శివలింగం దాకా వెళ్ళే దారి ఇరుకు, చీకటి. పోనుపోను వంగి నడవాలి, గబ్బిలాలు ఉంటాయి. ఊపిరాడనట్లుండే వాళ్ళు బయటే ఆగిపోవడం మంచిది. చిన్నవాడు మారాం చేస్తే బలవంతం చేయకు. సెల్‌ఫోను వెలుతురు అక్కడ చాలదు. చేతులు రెండూ రాతిని పట్టుకోవడానికి కావాలి కాబట్టి, మెడలో వేలాడదీసుకునే టార్చిలైటు ఉండాలి.

పొద్దున్నే తేలికగా ఇడ్లీ తిని ఎక్కండి. పడవలోకి పులిహోర, వేయించిన శనగలు, స్టీలు సీసాల్లో నీళ్ళు చాలు. ఆ కొండ మీద ప్లాస్టిక్ వాడనివ్వరు. తినేది ఏదైనా మూతపెట్టిన డబ్బాలో, సంచీ లోపల ఉండాలి. మెట్ల మీద కోతులు కవరు చప్పుడు వింటే చాలు, వచ్చి లాక్కుపోతాయి. అత్తగారి కళ్ళజోడుకు దారం కట్టించు. తిరిగి వచ్చి రోప్‌వే ఎక్కి పైకి చేరాక వెంటనే కారు ఎక్కకండి, గంటసేపు నడుము వాల్చి, వెలుతురు ఉండగానే ఘాటు దిగిపోండి. ఆలస్యమైతే ఆ రాత్రికి కొండ మీదే ఉండిపోండి, మర్నాడు సెలవు పెట్టడం పెద్ద కష్టం కాదు.

మెడకు తగిలించుకునే టార్చిలైటు మా ఇంట్లో ఒకటి ఉంది. మీ పెదనాన్న నిన్ననే దానికి కొత్త సెల్లులు వేసి, వెలుగుతుందో లేదో కొట్టుగదిలో తలుపు మూసి చూసి వచ్చారు. భోజనానికి ఆగినప్పుడు మరిచిపోకుండా తీసుకువెళ్ళు. ఏ శనివారం అనుకున్నారో ముందుగా ఒక మాట రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ