తుంటి దగ్గర మొదలుపెట్టు: ఒక యువ రచయితకు లేఖ

హనుమకొండ

బిడ్డా,

నీ వ్యాసం చదివాను. ‘డైనోసార్లకూ సరీసృపాలకూ తేడా’ అని పేరు పెట్టి పట్టిక గీశావు. ఎడమవైపు డైనోసార్లు, కుడివైపు పాము, బల్లి, తాబేలు. ముందు ఆ పట్టిక తీసేయి. మామిడికీ పండ్లకీ తేడా ఏమిటని ఎవరూ అడగరు కదా, ఇదీ అంతే. డైనోసార్లు సరీసృపాల్లోనే ఒక శాఖ. మిగతా సరీసృపాల నుంచి ఈ శాఖ ఎక్కడ వేరుపడిందో చెప్పు, పాఠకుడికి కావాల్సింది అదే.

భారీ ఆకారమే తేడా అన్నావు. కోడి కన్నా పెద్దగా లేని డైనోసార్లు కూడా ఉండేవి, కాబట్టి ఆ మాట నిలవదు. అసలు తేడా తుంటి దగ్గర ఉంది. వ్యాసం అక్కడి నుంచే మొదలుపెట్టు.

మీ ప్రహరీ గోడ మీద తొండను కాసేపు చూడు. మోకాళ్లు పక్కలకు పొడుచుకొచ్చి ఉంటాయి, పరుగెత్తితే నడుము అటూ ఇటూ వంగుతుంది. ఆదివారం ఇంట్లో నాటుకోడి వండితే తొడ ఎముకను పడేయకుండా కడిగి పక్కన పెట్టుకో. దాని పైకొస చూడు. గుండ్రటి తల ఒకటి లోపలివైపుకు తిరిగి ఉంటుంది. ఆ తల తుంటి ఎముకలోని బెజ్జంలో కూర్చుంటుంది. తొండకు అక్కడ ఉండేది అడుగు మూసుకుపోయిన గుంత. డైనోసార్లకు కోడికి ఉన్నట్టే ఆరపార బెజ్జం. అందుకే వాటి కాళ్లు ఒంటి కిందికి నిటారుగా దిగాయి, బరువంతా నేరుగా ఎముక మీద పడింది. ఆ రోజుల్లో మొసళ్ల వైపు చుట్టాల్లోనూ కొన్ని నిటారుగా నిలబడ్డాయి కాబట్టి కాళ్ల సంగతి ఒక్కటే రాసి ఊరుకోకు, బెజ్జం సంగతీ చెప్పు. 1842లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఈ శాఖకు పేరు పెట్టినప్పుడు కూడా ఆకారం ఒక్కటే చూడలేదు. తుంటి దగ్గర ఒకటిగా అతుక్కుపోయిన అయిదు వెన్నుపూసలను ప్రత్యేకంగా పట్టించుకున్నాడు.

కోడి ఎముకను ఎందుకు చూడమన్నానో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పక్షులు డైనోసార్ల సంతతే. 6.6 కోట్ల సంవత్సరాల కిందట మిగతావి పోయాయి, ఇవి మిగిలాయి. అందుకే ‘డైనోసార్లు పూర్తిగా అంతరించాయి’ అన్న నీ వాక్యం కొట్టేశాను. మీ శివ్వారం మడుగుల్లో ఎండకు పడుకునే మొసలి కూడా బల్లి కన్నా కోడికే దగ్గరి చుట్టం. ఈ ముక్క తప్పకుండా రాయి.

నాకు బాధ కలిగించింది ఇంకొకటి. మంచిర్యాలలో కూర్చుని వ్యాసమంతా అమెరికా టి-రెక్స్ గురించి రాశావు! నీ చుట్టూ ఉన్న ప్రాణహిత, గోదావరి లోయ ఈ విషయంలో ఎంత సంపన్నమో నీకు ఎవరూ చెప్పలేదేమో. పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి పొరలు 20 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. అందులో మొసలిలా కనిపించే పారాసూకస్ ఉంది, పక్షి ముక్కులాంటి మూతి ఉన్న హైపెరోడాపెడాన్ ఉంది. ఇవి సరీసృపాలు, డైనోసార్లు మాత్రం కావు. రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికితే, వాటి కడుపు ఉండే చోట మలేరిసారస్ అనే బల్లిలాంటి జంతువు ఎముకలు కనిపించాయి. తిన్న తిండి అరగకముందే చచ్చిపోయాయన్నమాట. ఇలాంటి దృశ్యం ఇంటి పక్కన పెట్టుకుని ఎక్కడికో వెళ్లావు.

అదే మట్టిలో తొలితరం డైనోసార్లూ ఉన్నాయి. 1987లో శిలాజ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ ఒకదాన్ని వర్ణించారు, ఇప్పుడు దాన్ని ఆల్వాకెరియా అంటున్నారు. తర్వాత వేరేవాళ్లు పరిశీలిస్తే అది ఒక్క జంతువు కాదని, వేర్వేరు సరీసృపాల ఎముకలు అందులో కలిసిపోయాయని తేలింది. డైనోసార్‌వని గట్టిగా చెప్పగలిగినవి తొడ ఎముక, చీలమండ ఎముక. డైనోసార్‌ను ఎముక చూసే వేరుచేస్తారని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. దీనికి రెండు పేరాలు ఇచ్చినా ఎక్కువ కాదు.

కోటసారస్ అనే భారీ డైనోసార్ ఉండనే ఉంది. యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి పేరు పెట్టారు. ఎముకలు జోడించి హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. వెళ్లి దాని తుంటి కింద నిలబడి పైకి చూడు. తలను చూసి మాత్రం వర్ణన మొదలుపెట్టకు. దాని పుర్రె దొరకలేదు, అక్కడున్నది ఊహించి చేసిన తల. నువ్వు దాని కళ్లలో కోపం ఉందని రాస్తే, లేని ఎముక మీద రాసినట్టే. చర్మం రంగు, అరుపు విషయంలోనూ ఇంతే జాగ్రత్త. నువ్వు ఊహించినదైతే ‘ఇలా ఉండి ఉండొచ్చు’ అని ఒప్పుకుని రాయి. పాఠకుడు నిన్ను ఇంకా ఎక్కువ నమ్ముతాడు.

మూడో పేజీలో ఎగిరే టెరోసార్‌నూ, సముద్రంలో ఈదే ఇక్తియోసార్‌నూ డైనోసార్ల జాబితాలో పెట్టావు. రెండూ డైనోసార్లు కావు, అక్కడి నుంచి తీసెయ్. టెరోసార్ దగ్గరి చుట్టమని ఒక్క వాక్యం రాస్తే చాలు.

నీ వాక్యం సాఫీగా నడుస్తుంది, దాని గురించి టెన్షన్ వద్దు. కోడి తొడ ఎముకను చూశాక మొదటి పేరా కొత్తగా రాసి నాకు పంపు. మిగతాది మ్యూజియం చూసొచ్చాక రాద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న