ఫీల్డ్ టెస్టులో కన్ను పక్కకు పోతోంది... ఆ రిపోర్టును నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 61. ఆర్టీసీలో 30 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది కావలి. కళ్లజోడు మార్పించుకుందామని వెళ్తే కంటి ప్రెషర్ 24 ఉందని, నీటికాసుల (గ్లకోమా) అనుమానం ఉందని చెప్పి చుక్కల మందు రాశారు. ఇప్పుడు ప్రెషర్ 16కి వచ్చింది. నెల్లూరులో రెండుసార్లు ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల చూపు చూసే పరీక్ష; మధ్యకే చూస్తూ, లైటు కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి) చేశారు. కుడి కంటి కాగితంలో ఫిక్సేషన్ లాసెస్ మొదటిసారి 16కి 9, రెండోసారి 15కి 6 అని, పక్కన ఎక్స్ ఎక్స్ అని పడింది. ఫాల్స్ పాజిటివ్ మాత్రం 2 శాతం, 3 శాతం. రెండింటిలోనూ పైన ముక్కు వైపు నల్లమచ్చ ఉంది. లైటు ఎటు వెలిగితే నా కన్ను అటే పోతోంది, ఎంత ఆపినా ఆగడం లేదు. మూడోసారి చేయించుకోమంటున్నారు. డబ్బుల కోసమే తిప్పుతున్నారని మావాడు అంటున్నాడు. కన్ను కదలడం కూడా జబ్బేనా? సరిగా రాని రిపోర్టును నమ్మి జీవితాంతం మందు వేసుకోవాలా?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: మీరు డ్రైవరని రాయకపోయినా, స్టీరింగ్ పట్టిన మనిషే అయివుంటారని అనుకునేవాణ్ని. హైవే మీద బస్సు నడిపేవారి కన్ను ఒకచోట నిలవదు, నిలవకూడదు కూడా. ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు లారీ, సందులోంచి దూసుకొచ్చే బైకు... ఓ మూల ఏదైనా కదిలితే చూపు అటు పరుగెత్తాలి. అలాంటి మనిషిని తెల్లటి గిన్నె ముందు కూర్చోబెట్టి, పక్కన లైట్లు వెలుగుతుంటాయి కానీ అటు చూడొద్దు అంటే కష్టమే. కాబట్టి మీ కన్ను లైటు వైపు పోవడం జబ్బు కాదు. అందరి కళ్లూ అంతే. చదువుకునే రోజుల్లో నేనూ ఆ మెషిన్ ముందు కూర్చున్నాను. రెండు నిమిషాలకే విసుగొచ్చింది.

అసలు కళ్లను కదలొద్దని ఎందుకంటారో చూద్దాం. నీటికాసుల్లో కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతిని, చుట్టుపక్కల చూపు ముక్కలు ముక్కలుగా పోతుంది. పోయినచోట నల్లగా కనిపిస్తుందనుకుంటారు చాలామంది. అలా కనిపించదు. మెదడు ఆ ఖాళీని చుట్టూ ఉన్న బొమ్మతో పూడ్చేస్తుంది. పైగా రెండు కళ్లూ నిరంతరం తిరుగుతుంటాయి గనుక ఒక క్షణం కనబడనిది మరుక్షణం కనబడుతుంది. రోడ్డు మీద మిమ్మల్ని కాపాడిన ఆ అలవాటే జబ్బును మీకు తెలియకుండా దాచిపెట్టగలదు. అందుకే మెషిన్ ఒక్కో కంటిని విడిగా, కదలకుండా నిలిపి చూస్తుంది.

ఎక్కువగా చేసే 24-2 టెస్టులో 54 చోట్ల లైటు వేస్తారు. ఒక చోటికీ పక్క చోటికీ దూరం 6 డిగ్రీలు. మీ చూపు అంతమేర పక్కకు జరిగితే ఒక చోటికి ఉద్దేశించిన లైటు పక్కచోట పడుతుంది. చూపు పోయిన చోట కూడా కనబడినట్టు నమోదు కావచ్చు, మచ్చ అంచులు చెరిగిపోవచ్చు.

అయితే ఇక్కడొక విషయం చాలామందికి చెప్పరు. లైటు వెలిగేది సెకనులో ఐదో వంతు మాత్రమే. కన్ను అటు తిరగడం మొదలుపెట్టడానికే దాదాపు అంత సమయం పడుతుంది. అంటే మీ చూపు అక్కడికి చేరేసరికి లైటు ఆరిపోయి ఉంటుంది. లైటు వెలిగాక కన్ను ఉలిక్కిపడి అటు పోయి, వెంటనే మధ్యకు వచ్చేస్తే పెద్ద నష్టం లేదు. తర్వాతి లైటు ఎక్కడ వెలుగుతుందోనని ముందే వెతుక్కుంటూ తిరిగితేనే ఇబ్బంది. మీ ఉత్తరం చదివితే మీరు మొదటి రకమే అనిపిస్తోంది గానీ, ఆ సంగతి మీకే తెలియాలి.

ఇక కాగితం మీది అంకెలు. ప్రతి కంటికీ ఏమీ కనబడని చోటు ఒకటి ఉంటుంది, బ్లైండ్ స్పాట్ అంటారు. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎడమ కన్ను మూసి, రెండు చేతులూ బారుగా చాచి, రెండు బొటనవేళ్లూ నిలబెట్టండి. కుడి కన్ను ఎడమ బొటనవేలి మీదే ఉంచి, కుడి చేతిని మెల్లగా కుడివైపు జరపండి. జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో కుడి బొటనవేలి కొస మాయమవుతుంది. మెషిన్ మొదట ఆ చోటును కనిపెట్టి, మధ్యమధ్యలో సరిగ్గా అక్కడే ఒక లైటు వేస్తుంది. మీరు మధ్యకే చూస్తుంటే అది కనబడకూడదు. బటన్ నొక్కితే చూపు జరిగిందని లెక్క. 16కి 9 అంటే అలా 16సార్లు పరీక్షిస్తే 9సార్లు నొక్కారని. 20 శాతం దాటితే మెషిన్ ఎక్స్ ఎక్స్ కొడుతుంది.

కానీ ఆ లెక్కే తప్పే సందర్భాలున్నాయి. మొదట్లో బ్లైండ్ స్పాట్ సరిగా పట్టుకోకపోయినా, మధ్యలో తల కొంచెం వాలినా, గడ్డం జారినా ఆ చోటు పక్కకు పోతుంది. అప్పుడు మీరు కన్నార్పకుండా మధ్యకే చూస్తున్నా తప్పు మీ ఖాతాలోనే పడుతుంది. అందుకే ఈ ఒక్క అంకె చూసి రిపోర్టును చెత్తబుట్టలో వేయను. కాగితం కింది భాగంలో దువ్వెన పళ్లలాంటి గీతలు ఉన్నాయేమో చూడండి. పైకి లేచినవి చూపు పక్కకు పోయిన క్షణాలు, కిందికి దిగినవి రెప్ప వేసినవి లేదా మెషిన్‌కు కన్ను దొరకనివి. మొదట చదునుగా ఉండి చివర్లో గుబురుగా లేస్తే అలసిపోయారని అర్థం.

నేను ఎక్కువ పట్టించుకునేది ఫాల్స్ పాజిటివ్. లైటు కనబడకుండానే బటన్ నొక్కేయడం అన్నమాట. అది 15 శాతం దాటితే ఆ రిపోర్టును నమ్మను, ఎందుకంటే జబ్బు ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మీది 2, 3 శాతమే. నిజాయితీగా నొక్కారు. పైగా రెండుసార్లూ మచ్చ ఒకేచోట వచ్చింది. కన్ను అటూ ఇటూ తిరిగితే మచ్చ చెదిరిపోతుందే గానీ, రెండు వేర్వేరు రోజుల్లో ముక్కు వైపు అదే మూలన మళ్లీ రావడం అరుదు. పైన ముక్కు వైపు చూపు తగ్గడం నీటికాసుల్లో తరచూ కనిపించేదే. అందుకే ఎక్స్ ఎక్స్ పడింది కదా అని దాన్ని కొట్టిపారేయలేం. అలాగని ఇప్పుడే ఖాయం చేయలేం. ఈ వయసులో పైరెప్ప వాలినా పైభాగం నల్లగా వస్తుంది. అలాంటప్పుడు రెప్పను చిన్న టేపుతో ఎత్తి పట్టి చేయాలి. కంటి నరం ఎంత పల్చబడిందో చూపే ఓసీటీ స్కానింగ్ తీయించారా? అందులో బటన్ నొక్కే పని లేదు. నరం కింది భాగం పల్చబడితే చూపులో పైభాగం దెబ్బతింటుంది. రెండూ సరిపోలితే అనుమానం బలపడుతుంది.

అందుకని మూడోసారి చేయమనడంలో నాకు మోసం కనిపించడం లేదు. తొలి ఒకటి రెండు టెస్టులు చాలామందికి నేర్చుకోవడంలోనే పోతాయి. మీకూ 9 నుంచి 6కి తగ్గింది చూశారా? జబ్బు ఖాయమైనవారికి కూడా మొదటి రెండేళ్లలో ఈ టెస్ట్ కొన్నిసార్లు చేస్తేనే అది ఎంత వేగంగా ముదురుతోందో తెలుస్తుంది.

ఈసారి వెళ్లేటప్పుడు పొద్దున్నే టిఫిన్ తిని, బస్సు దిగాక కాసేపు కూర్చుని, అప్పుడు టెస్టుకు వెళ్లండి. కనుపాప పెద్దదయ్యే చుక్కలు టెస్టుకు ముందు వేయకుండా చూసుకోండి. దగ్గరి చూపు అద్దం పెట్టారో లేదో అడగండి. మధ్యనున్న వెలుతురు చుక్క మసకగా ఉంటే వెంటనే చెప్పండి. టెక్నీషియన్ స్విచ్ వేసి బయటికెళ్లిపోతే, పక్కనే ఉండి గుర్తుచేస్తుండమని అడగడంలో తప్పేమీ లేదు. లోపల కూర్చున్నాక రెండు విషయాలకు కంగారు పడొద్దు. ఒకచోటే చూస్తూ ఉంటే గిన్నె అంతా పొగ కమ్మినట్టు మసకబారుతుంది. అది సహజం, ఒకసారి రెప్ప వేస్తే పోతుంది. రెండోది, మెషిన్ లైటును తగ్గిస్తూ తగ్గిస్తూ సగం సార్లు మాత్రమే కనబడే స్థాయి కోసం వెతుకుతుంది. కళ్లు నిక్షేపంగా ఉన్నవారికీ చాలా లైట్లు కనబడవు. ఏదో తప్పిపోతోందని వెతకడం మొదలుపెడితేనే చూపు తిరుగుతుంది. అలసట వస్తే బటన్ నొక్కిపట్టి ఉంచండి, హంఫ్రీ రకం మెషిన్ అయితే టెస్ట్ ఆగుతుంది. వదిలితే మళ్లీ మొదలవుతుంది.

చుక్కల మందు మాత్రం ఈలోగా ఆపకండి. ప్రెషర్ 24 నుంచి 16కి తగ్గింది మందు వల్లే కావచ్చు. నీటికాసుల్లో పోయిన చూపు మందుతో గానీ, ఆపరేషన్‌తో గానీ వెనక్కి రాదు. మందు జీవితాంతమా కాదా అన్నది నరం, ఓసీటీ, ప్రెషర్, ఫీల్డ్ అన్నీ కలిపి చూసి మీ డాక్టరు తేల్చాలి. మీకు ఆయాసం ఉంటే ఆ సంగతి వారికి చెప్పండి, టిమోలాల్ ఉన్న చుక్కలు ఆస్తమావారికి పడవు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లాలి.

డబ్బుల కోసం తిప్పుతున్నారంటున్న మీ అబ్బాయిని ఈసారి వెంట తీసుకెళ్లండి. మీకు జబ్బు ఖాయమైతే సొంత పిల్లలకూ, తోబుట్టువులకూ వచ్చే అవకాశం మామూలువారికంటే ఎక్కువ. మీ టెస్ట్ అయ్యేలోపు అతను కూడా ప్రెషర్, కంటి నరం చూపించుకోవచ్చు.