కోరం: విభక్తితో సహా మనదాకా వచ్చిన లాటిన్ మాట

చట్టంలో, సైన్స్‌లో, రోజువారీ మాటల్లో మూడు చోట్లా బతికున్న లాటిన్ పదం ఏదైనా ఉందా అని అడిగారు. నా ఓటు ‘కోరం’కే, అంటే మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు.

రెండేళ్లు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా చేశాను కాబట్టి ఈ మాటంటే నాకు కాస్త కక్ష కూడా ఉంది. మావి 48 ఫ్లాట్లు. మా బైలాస్ ప్రకారం జనరల్ బాడీకి మూడో వంతు, అంటే 16 మంది రావాలి. ఆ ఆదివారం సెల్లార్‌లో లెక్కపెడితే 13 మందే తేలారు. అరగంట చూశాం. వాచ్‌మన్ రెండుసార్లు పై అంతస్తులన్నీ తిరిగొచ్చాడు, సమోసాలు చల్లారిపోయాయి. “కోరం లేదండీ, వచ్చే ఆదివారానికి వాయిదా” అన్నాను. ముందు వరసలో ఉన్న పెద్దాయనకి ఒళ్లు మండింది. “కోరం అంటే మీటింగ్ కోరినవాళ్లనేగా? మేం కోరాం, వచ్చాం” అన్నారు.

ఇంటికెళ్లి డిక్షనరీ తీశా. లాటిన్‌లో ఇది అసలు నామవాచకం కానే కాదు, ‘ఎవరిలో’ అనే అర్థమిచ్చే సర్వనామం. చిన్నప్పుడు “కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్” అని బట్టీ పట్టాం చూడండి, సరిగ్గా ఆ షష్ఠీ విభక్తిలో, బహువచనంలో ఉంది. పూర్వం ఇంగ్లండ్‌లో జస్టిస్ ఆఫ్ ద పీస్‌లను, అంటే స్థానిక న్యాయాధికారులను, నియమిస్తూ రాజు పేరిట లాటిన్‌లో ఉత్తర్వు ఇచ్చేవారు. కొందరి పేర్లు విడిగా చెప్పి, ‘వీరిలో ఒకరు ఉండాలని కోరుతున్నాం’ అని రాసేవారు. కొన్ని పనులకి వాళ్లలో ఒకరైనా లేనిదే కుదరదు. ఆ ‘వీరిలో’ అన్న ముక్క ఒక్కటీ ఊడివచ్చి కోరం అయింది. అంటే మా పెద్దాయన మరీ తప్పేం కాదు, కోరడం ఆ వాక్యంలోనే ఉంది, కాకపోతే వేరే మాటలో!

మన రాజ్యాంగం 100వ అధికరణం పార్లమెంటులో ఏ సభకైనా పదో వంతు చాలంటుంది. 543 మంది ఉన్న లోక్‌సభకి 55. శాసనసభలకి పదో వంతు లేదా పది మంది, ఏది ఎక్కువైతే అది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌కి 18, తెలంగాణకి 12. మా సెల్లార్‌కి మాత్రం 16!

మైక్రోబయాలజీ చదివే మా మేనకోడలికి ఇదంతా చెబితే, “బ్యాక్టీరియాకీ కోరం ఉంటుంది మామయ్యా” అంది. ‘కోరం సెన్సింగ్’ అంటారట, 1994లో పెట్టిన పేరు. విబ్రియో ఫిషెరి అనే బ్యాక్టీరియా ఒక రకం చిన్న స్క్విడ్ ఒంట్లో కాపురం ఉంటుంది. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని బయటికి వదులుతుంది. సముద్రంలో చెదిరి ఉన్నప్పుడు అది నీళ్లలో పలచబడిపోతుంది, వెలుగు ఉండదు. స్క్విడ్‌లో కిక్కిరిసి ఉన్నప్పుడు రసాయనం చిక్కబడి ఒక స్థాయి దాటుతుంది, అప్పుడు అన్నీ కలిసి వెలుగుతాయి. హాజరు పట్టీ లేదు, వాచ్‌మన్ తిరగక్కర్లేదు.

మరుసటి ఆదివారం తొమ్మిది మందే వచ్చారు. వాయిదా పడ్డ మీటింగ్‌కి కోరం అక్కర్లేదని బైలాస్‌లో ఉంది కాబట్టి లిఫ్ట్ మోటార్ మార్చే తీర్మానం పదిహేను నిమిషాల్లో పాసైంది. మమ్మల్ని అడక్కుండా ఎలా చేశారని రానివాళ్లు ఇప్పటికీ గ్రూపులో మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు.