లండన్‌లో గది ఇక్కడి నుంచే ఖాయం చేసుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి 2026 సెప్టెంబరులో డేటా సైన్స్‌లో ఎమ్మెస్సీ చదవడానికి లండన్ వెళ్తోంది. యూనివర్సిటీ అక్స్‌బ్రిడ్జ్‌లో ఉంది. తెలిసినవాళ్ల పిల్లలు ఈస్ట్ హామ్‌లో ఉంటున్నారు. తమ గదిలో ఒక బెడ్ ఖాళీ ఉందనీ, రెండు నెలల అద్దె ముందే పంపితే ఉంచుతామనీ అంటున్నారు. వెళ్లిన వారంలోనే పార్ట్‌టైమ్ పని వెతుక్కోవాలని కూడా చెబుతున్నారు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాం. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే పంపకండమ్మా. ఈస్ట్ హామ్ మంచిది కాదని కాదు. అక్కడ మన సరుకులన్నీ దొరుకుతాయి, దగ్గర్లో మురుగన్ గుడి ఉంది, వీధిలో తెలుగు మాట వినిపిస్తుంది. కొత్తగా వెళ్లిన పిల్లలకు అదెంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఈస్ట్ హామ్ నగరానికి తూర్పున ఉంది, అక్స్‌బ్రిడ్జ్ పడమటి కొసన ఉంది. గది నుంచి క్లాసుకు చేరాలంటే ట్యూబ్ రైల్లో దాదాపు గంటన్నర. పొద్దున 9 గంటల లెక్చర్‌కు ఏడింపావుకే ఇంట్లోంచి బయటపడాలి. షేరింగ్‌లో మిగిలిన డబ్బులో చాలావరకు టికెట్లకే పోతుంది. సెప్టెంబరులో ఎలాగో నెట్టుకొస్తారు. నవంబరు చలిలో ఒక్కో క్లాసూ మానేయడం మొదలవుతుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల హాజరును యూనివర్సిటీ గమనిస్తుంటుంది, చదువుకు రావడం మానేస్తే ప్రభుత్వానికి తెలియజేస్తుంది.

ముందు యూనివర్సిటీ హాస్టల్‌కు దరఖాస్తు చేయించండి. గడువులోగా అడిగితే మొదటి ఏడాది విదేశీ విద్యార్థులకు గది ఇస్తామని హామీ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. అద్దె ఎక్కువనిపిస్తుంది కానీ ప్రయాణం ఖర్చు కలిపి లెక్కేసి చూడండి. అది కుదరకపోతే రెండు మూడు వారాలకు తాత్కాలిక బస చూసుకుని, గదిని కళ్లతో చూశాకే డబ్బు కట్టాలి. సౌతాల్, హౌన్‌స్లో, హేస్ లాంటి చోట్ల భారతీయులు బాగా ఉంటారు, అక్కడి నుంచి అక్స్‌బ్రిడ్జ్‌కు బస్సులున్నాయి. ఒకటి గుర్తుంచుకోమనండి, లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో, ముందే డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ ప్రయాణ కార్డో ఉండాలి. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే చార్జీ. చేరాక 18 ప్లస్ స్టూడెంట్ ఆయిస్టర్ తీసుకుంటే వారం, నెల పాసుల మీద 30 శాతం తగ్గుతుంది.

రెండు నెలల అడ్వాన్సు గురించి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదని 2019 నుంచి చట్టం ఉంది. ఆ డబ్బును యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న డిపాజిట్ పథకంలో పెట్టాలి. యజమానే అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇచ్చినప్పుడు ఈ పథకం వర్తించదు. ఇక స్నేహితుల దగ్గర కాగితం లేకుండా బెడ్ తీసుకుంటే అడగడానికి ఏ ఆధారమూ ఉండదు, బ్యాంకులో చూపించడానికి అడ్రస్ ప్రూఫ్ కూడా ఉండదు. కాబట్టి ఆ పిల్లలను ఒకటే అడగండి: అగ్రిమెంట్‌లో మా అమ్మాయి పేరు ఉంటుందా? ఉండదంటే మరో మాట అనవసరం.

పార్ట్‌టైమ్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి నెల దాని జోలికి వెళ్లొద్దు. మాస్టర్స్ అక్కడ ఒక్క ఏడాదే. పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు దరఖాస్తులు చాలావరకు సెప్టెంబరు, నవంబరు మధ్యనే నడుస్తాయి. అంటే విమానం దిగిన వెంటనే కెరీర్ సెంటర్‌కు వెళ్లి సీవీ సరిచేయించుకోవాలి. ఆ మూడు నెలలూ ట్యూబ్‌లోనూ షాపు కౌంటర్ దగ్గరా గడిచిపోతే ఆ సీజన్ మళ్లీ రాదు. పైగా చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్లు కాదు, 18 నెలలే ఇస్తారు. మీ అమ్మాయి ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే కనీసం రెండు నెలల ఖర్చు లోన్ డబ్బులోంచి పక్కన పెట్టి పంపండి. దిగగానే పని దొరక్కపోతే అద్దె ఎలా అన్న భయం ఆ పిల్లకు ఉండకూడదు.

తర్వాత పని చేసినా, చదువు సాగే రోజుల్లో సోమవారం నుంచి ఆదివారం వరకు 20 గంటలే పరిమితి. ఈ వారం పది గంటలే చేశాను కదా, వచ్చే వారం ముప్ఫై చేస్తానంటే కుదరదు. వేసవి సెలవులనుకుని ఫుల్‌టైమ్ చేసేవాళ్లున్నారు. మాస్టర్స్‌వాళ్లకు డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే నెలలు కూడా చదువు కిందికే వస్తాయి. స్వయం ఉపాధికి అనుమతి లేదు, కాబట్టి అలా నడిచే ఫుడ్ డెలివరీ యాప్‌లు వద్దు. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని డెలివరీలు చేయడం వీసాకే ముప్పు. "అందరూ చేస్తున్నారు" అని ఎవరైనా చెబితే దయచేసి నమ్మనివ్వకండి.

బయల్దేరేలోగా ఈ-వీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా రికార్డు) అకౌంట్ తెరిచి పాస్‌పోర్టు వివరాలు సరిచూసుకోవాలి. ఇల్లు ఇచ్చేవాళ్లు, పని ఇచ్చేవాళ్లు వీసా వివరాలు సరిచూసుకోవడానికి అందులోంచి వచ్చే షేర్ కోడ్ అడుగుతారు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం తీసుకునే ఆరోగ్యం సర్‌చార్జి వీసాతోపాటే కట్టేశారు కనుక, చేరిన వారంలోనే దగ్గర్లోని జీపీ (మామూలు జబ్బులకు మొదట చూసే డాక్టర్) దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి. జ్వరం వచ్చాక వెతుక్కోవడం కష్టం. నమోదుకు డబ్బు తీసుకోరు.

ఫోన్ వేళలు కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. సెప్టెంబరులో మన రాత్రి 9:30 అంటే అక్కడ సాయంత్రం 5. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక అదే 4 అవుతుంది. డిసెంబరులో ఆపాటికే చీకటి పడుతుంది. ఎక్కువమంది పిల్లలు దిగులు పడేది ఆ నెలల్లోనే. ఆ రోజుల్లో ఫోన్ చేసినప్పుడు పని దొరికిందా అని అడగకండి, ఈ రోజు ఎవరితో కలిసి తిన్నావని అడగండి. వరుసగా వారం రోజులు "ఎవరూ లేరు, గదిలోనే తిన్నా" అంటే, యూనివర్సిటీలో తన బాగోగులు చూసే పర్సనల్ ట్యూటర్‌కు ఒక మెయిల్ రాయమని మీరే చెప్పండి.