నాన్న పోయి 8 నెలలైంది, ఇంకా ఏడుపు ఆగట్లేదు. దీన్నుంచి ఎప్పుడు బయటపడతాను?

మీ ప్రశ్న చూసినప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. ఆఫీసులో వాష్‌రూమ్‌లోకెళ్లి ఏడ్చి మొహం కడుక్కొని వస్తున్నా, బెంగళూరులో ఒక్కదాన్నే ఉంటున్నా, ఇది నార్మలేనా అన్నారు కదా. మా నాయన పోయి మూడేళ్లు దాటింది (మాది అనంతపురం, మేము నాయన అనే పిలుస్తాం). అప్పుడు నేను మారతహళ్లిలో పీజీలో ఉండేదాన్ని, మీరు చెప్పిన ఆ వాష్‌రూమ్ నాకూ తెలుసు.

ముందు ఈ "బయటపడటం" అనే మాట వదిలేయండి. ఆ మాట పట్టుకునే నేను చాలా నెలలు నలిగిపోయా. దుఃఖానికి ఐదు దశలని నెట్‌లో చదివి, ఇప్పుడు ఎన్నో దశలో ఉన్నా, నిన్న కోపం పోయింది కదా మళ్లీ ఎందుకొచ్చింది అని లెక్కలేసుకునేదాన్ని. తర్వాత ఒక కౌన్సెలర్ మేడం చెప్పింది, ఆ దశలు కుబ్లర్-రాస్ అనే డాక్టరమ్మ 1969లో చావుకు దగ్గరైన పేషెంట్లతో మాట్లాడి రాసినవంట, అంటే పోయేవాళ్ల గురించి, వెనక మిగిలిన మన గురించి కాదు. ఇంకోటి కూడా చెప్పింది. 1999లో స్ట్రోబ్, షుట్ అని నెదర్లాండ్స్‌లో ఇద్దరు రాశారంట, పోయినవాళ్ల కోసం ఏడవడం కొంతసేపు, బతుకు పనుల్లో పడటం కొంతసేపు, మనిషి ఈ రెండిటి మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, అట్లా తిరుగుతూనే కోలుకుంటాడు అని.

అది వినగానే నాకు మాసికాలు గుర్తొచ్చాయి.

మా ఇంట్లో ఏడాది పాటు ప్రతి నెలా తిథికి మాసికం పెట్టారు. ఇప్పుడు చాలామంది అన్నీ కలిపి పన్నెండో రోజుకే కానిచ్చేస్తున్నారు, మా అన్న మాత్రం నెలనెలా చేస్తానన్నాడు. నాకేమో ఆఫీసులో ఐదు రోజులే లీవ్ ఇచ్చారు, పదకొండో రోజుకి మళ్లీ పరిగెత్తాల్సొచ్చింది. అయినా ప్రతి బహుళ నవమి సాయంత్రం బస్సెక్కేదాన్ని. కర్మ చేసేది అన్న, నేను అమ్మ పక్కన కూర్చొని కూరగాయలు తరిగేదాన్ని, అంతే. కానీ నెలలో ఆ ఒక్క రోజు ఇంట్లో అందరం నాయన గురించే మాట్లాడుకునేవాళ్లం, ఎవరూ టాపిక్ మార్చేవాళ్లు కాదు, ఎవరూ "ధైర్యంగా ఉండు" అనేవాళ్లు కాదు. మిగతా రోజుల్లో ఏడుపొస్తే మాసికం పెట్టే దశమికి ఇంకా ఎన్ని రోజులుందో క్యాలెండర్ చూసుకునేదాన్ని. మెల్లగా పనిరోజుల్లో ఏడుపు తగ్గింది. పోలేదు, తగ్గింది.

కష్టమంతా దారిలోనే. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్ట్ రాగానే నాయనకి ఫోన్ చేయడం నా అలవాటు, "యాడుండావు, తిన్యావా" అనేవాడు. పోయాక కూడా అక్కడికి రాగానే చెయ్యి ఫోన్ మీదికి పోయేది. మొదటిసారి ఆ నంబర్ నిజంగానే డయల్ చేసి, స్విచ్డ్ ఆఫ్ అని వినిపిస్తే పెనుకొండ దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చా. నంబర్ ఇంకా డిలీట్ చేయలేదు, చేయను కూడా. మీరు కూడా ఎవరో చెప్పారని తీసేయొద్దు.

ఇది జబ్బా అని భయపడుతున్నారు. ఏడుపు రావడం జబ్బు కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 6 నెలలు దాటినా ఆ బాధ కొంచెం కూడా సడలకుండా రోజువారీ పనులే చేసుకోలేని స్థితి ఉంటే దాన్ని వేరుగా చూసి ట్రీట్‌మెంట్ ఇవ్వాలి. మీరు పనికి వెళ్తున్నారు, మంచిదే, కానీ నిద్ర, తిండి సంగతి రాయలేదు. అవి దెబ్బతింటే, లేదా నేనూ పోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆగొద్దు. 14416కి చేయండి, టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, 2022 నుంచి ఉంది, డబ్బులేం అక్కర్లేదు, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, మా అనంతపురం వైపు నుంచి ఎంతమంది వస్తారో అక్కడికి, సిగ్గుపడే పనే లేదు.

అమ్మ ఎక్కడుందో మీరు రాయలేదు. ఊళ్లోనే ఉంటే ఈ నెల తిథి ఎప్పుడో కనుక్కొని లీవ్ పెట్టి వెళ్లండి. మాసికాలు మీ ఇంట్లో లేకపోయినా పర్లేదు, నాన్నకి ఇష్టమైంది ఏదో ఒకటి ఇద్దరూ కలిసి వండుకోండి. మా నాయనకి ఓళిగలు (బొబ్బట్లు).